శ్రీలంకకు మనవాళ్లను తీసుకెళ్లే ట్రావెల్స్ వారికి, కాంట్రాక్టర్లకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా, నమస్కారం.

మీలో కొందరు ట్రింకోమలీ శాంకరీదేవి దర్శనానికని, రామాయణ యాత్రకని తెలుగు జిల్లాల నుంచి భక్తుల్ని శ్రీలంక తీసుకెళ్తున్నారు. ఇంకొందరు అక్కడ జరిగే కట్టుబడి పనులకు, ఫ్యాక్టరీల బిగింపు పనులకు ఇక్కడి నుంచి మనుషుల్ని పంపుతున్నారు. మీ వ్యాపారాలు వేరైనా అందరినీ ఒకే లేఖలో పలకరిస్తున్నాను. ఆ దేశం నూరేళ్లకు పైగా పోరాడి మలేరియాను వదిలించుకుంది. అది మళ్లీ అక్కడ కాలు పెట్టాలంటే బయటి దేశం నుంచి వచ్చే మనిషి రక్తంలోనే రావాలి. అలా వెళ్లేవాళ్లలో మన దేశం వాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు టికెట్లు తీసేది, గదులు చూసేది, జాగ్రత్తలు చెప్పేది మీరు.

ఈ మధ్య ఒక యాత్ర తాలూకు సూచనల కాగితం నా చేతికొచ్చింది. పాస్‌పోర్టు జిరాక్సులు రెండు సెట్లు, గొడుగు, మెత్తటి చెప్పులు, బీపీ, షుగర్ మాత్రలు, ఊరగాయ తెచ్చుకుంటే సీలు వేసిన ప్యాకెట్లోనే తెచ్చుకోవాలన్న హెచ్చరిక, గుళ్లో కట్టుకోవాల్సిన బట్టలు, అన్నీ శ్రద్ధగా రాశారు. జ్వరం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ ముక్క చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం. ఎందుకు చేర్చాలో చెప్పాలంటే ఆ దేశం కథ కొంత చెప్పాలి. ఓపిగ్గా చదవండి.

నేను మలేరియా విభాగంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం ఏజెన్సీలోనే గడిచింది. ఊళ్ల నుంచి వచ్చే రక్తపూతల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూడటమే నా పని. గాజు పలక మీద ఒక పక్క మందపు పూత, ఇంకో పక్క పలచటి పూత ఉంటాయి. రంగు వేసి, ఆరబెట్టి, ఆయిల్ చుక్క వేసి కనీసం వంద ఫీల్డులు (మైక్రోస్కోపులో ఒక్కోసారి కనబడే మేర ఒక ఫీల్డు) తిప్పి చూస్తే తప్ప నెగెటివ్ అని రాయకూడదు. తొంభై ఫీల్డుల దాకా ఏమీ ఉండదు. ఆ తర్వాత ఎక్కడో చిన్న ఉంగరంలా ఒక మలేరియా క్రిమి, దాని అంచున ఎర్రటి చుక్క. ఆ ఒక్కటీ కంటపడకపోతే ఆ మనిషి ఇంటికి వెళ్లిపోతాడు, సాయంత్రం అరుగు మీద కూర్చుంటాడు, దోమ వచ్చి కుడుతుంది. శ్రీలంక వాళ్లు చేసిన పని విలువ నాకు తెలిసింది ఆ కుర్చీలో కూర్చున్నందువల్లే.

మొదట 1934 సంగతి. ఆ ఏడు లంకలో నైరుతి రుతుపవనాలు మొహం చాటేశాయి. ఆ దేశపు నైరుతి భాగంలో ఎప్పుడూ వానలే కాబట్టి నదులు ఏడాది పొడవునా ఉరకలేస్తాయి. ఉరికే నీళ్లలో మలేరియా దోమ పిల్లలు నిలవలేవు. అందుకే అక్కడివాళ్లకు మలేరియా పెద్దగా తెలియదు, ఒంట్లో దాన్ని తట్టుకునే శక్తీ లేదు. ఆ ఏడు నదులు ఎండిపోయి మడుగులుగా మిగిలాయి. ఎండ తగిలే తేట నీళ్లు, కదలిక లేదు. అనాఫిలిస్ క్యులిసిఫేసిస్ అనే దోమకు అంతకంటే ఏం కావాలి? మన పల్లెల్లో మలేరియా పంచే దోమల్లో ముఖ్యమైనది కూడా అదే. కేగల్ల, కురునెగల ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లే మంచం పట్టాయి. కరువుకు పంట పోయి, తిండి లేక నీరసించిన ఒళ్ల మీదకు జ్వరం వచ్చి పడింది. 1935 గడిచేసరికి సుమారు 80,000 మంది చనిపోయారు. అప్పటికి ఆ దేశం జనాభా 60 లక్షలైనా లేదు.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1940ల్లో డీడీటీ అనే దోమల మందు వచ్చింది. ఇంటింటా గోడలకు కొట్టారు. జ్వరమొచ్చిన ప్రతి మనిషి రక్తం చూశారు. ఏటా లక్షల్లో ఉండే కేసులు వేలకు, వందలకు దిగొచ్చాయి. 1963లో దేశం మొత్తం మీద నమోదైన మలేరియా కేసులు 17. మళ్లీ చెబుతున్నాను, పదిహేడు. వాటిలోనూ ఆ దేశంలో అంటుకున్నవి ఆరే. మిగతావి బయటి నుంచి వచ్చినవి.

నన్నడిగితే ఆ దేశ చరిత్రలో మలేరియా పరంగా అన్నిటికంటే ప్రమాదకరమైన సంవత్సరం 1934 కాదు, 1963. పదిహేడే కదా అనుకున్నారు. మందు కొట్టడం ఆపేశారు. రక్తపూతలు తీసే పని చప్పబడింది. డబ్బు వేరే అవసరాలకు మళ్లింది. ఆనాటి ప్రభుత్వాన్ని తప్పుబట్టడం తేలిక. కానీ ఏ ఆఫీసులో బడ్జెట్ మీటింగులో కూర్చున్నవాళ్లకైనా ఆ టెన్షన్ తెలుసు. లేని జబ్బుకు జీతాలు ఎందుకని ఒకరు అడుగుతారు, ఎదుటివాళ్ల దగ్గర చూపించడానికి కేసులుండవు. 1967 నుంచి వానలు దెబ్బతిన్నాయి, నదుల్లో మళ్లీ మడుగులు కట్టాయి. రత్నాల కోసం తవ్వి వదిలేసిన గుంటల్లో నీళ్లు నిలిచాయి. ఆ గనుల దగ్గరకు నలుమూలల నుంచి కుర్రాళ్లు వచ్చి పాకలు వేసుకుని పడుకునేవాళ్లు. పని అయ్యాక ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయేవాళ్లు, వాళ్లతోపాటు జ్వరమూ వెళ్లేది. 1969 ఒక్క ఏడాదిలోనే కేసులు 5 లక్షలు దాటాయి. పదిహేడు నుంచి ఐదు లక్షలకు చేరడానికి పట్టింది ఆరేళ్లు.

కాంట్రాక్టర్లు ఆ గనుల పాకల దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. తవ్విన గుంటలు, నిలిచిన నీళ్లు, బయటి ఊళ్ల నుంచి వచ్చి రేకుల షెడ్లలో పడుకునే మనుషులు. ఏ కట్టుబడి సైటుకు వెళ్లినా కనిపించేది ఇదే కదా!

ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా వాళ్లు పడ్డ కష్టం అంతా ఇంతా కాదు. దోమలు డీడీటీకి లొంగకుండా పోయాయి, 1977 నుంచి మలాథియాన్‌కు మారారు. మహావేలి ప్రాజెక్టు కింద కొత్త కాలువలు తవ్వి, అడవి కొట్టి, కొత్త ఊళ్లు కడితే అక్కడా మలేరియా ఎగబడింది. 1999లో కూడా ఏడాదికి 2 లక్షల 60 వేలకు పైగా కేసులున్నాయి. దేశంలో అంతర్యుద్ధం. జ్వరాలు ఎక్కువగా ఉన్నది కూడా యుద్ధం జరిగే ఉత్తర, తూర్పు జిల్లాల్లోనే. అంతటి కాల్పుల మధ్య కూడా ఆరోగ్య సిబ్బంది పని ఆపలేదు. ప్రభుత్వంతో పోరాడుతున్న తమిళ పులుల (ఎల్టీటీఈ) అధీనంలో ఉన్న ప్రాంతాలకు సైతం దోమల మందు, మాత్రలు, దోమతెరలు చేరే ఏర్పాటు చేసుకున్నారు. సర్వోదయ వంటి స్వచ్ఛంద సంస్థలు ఇళ్లకు తెరలు మోసుకెళ్లాయి. వ్యాన్లలో మైక్రోస్కోపులు పెట్టుకుని ఆసుపత్రి లేని ఊళ్లకు వెళ్లి, జ్వరం ఉన్నవాళ్లకే కాక లేనివాళ్లకూ వేలు గుచ్చి రక్తం చూశారు. ఒంట్లో క్రిమి ఉండీ జ్వరం రానివాళ్లు ఉంటారు కాబట్టి అది అవసరం. మా వైపు ఏజెన్సీలో జ్వరం లేనివాడిని వేలు చూపించమంటే "నాకేం రోగం?" అని కసురుకునేవాళ్లు. అక్కడ ఊరి తర్వాత ఊరు ఆ పని ఎలా చేయించగలిగారో తలచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

శ్రీలంకలో అక్కడి దోమ కుట్టి అంటుకున్న చివరి మలేరియా కేసు 2012 అక్టోబరులో నమోదైంది. మూడేళ్లకు పైగా చూసి, లెక్కలన్నీ తనిఖీ చేసి, 2016 సెప్టెంబరు 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశాన్ని మలేరియా లేని దేశంగా ప్రకటించింది. కురునెగలలో మొదటి మలేరియా నివారణ కేంద్రం పెట్టింది 1911లో. అక్కడి నుంచి లెక్కపెట్టుకోండి ఎన్ని తరాల పనో.

మలేరియా పోయింది గానీ దోమ పోలేదు. అనురాధపురం, పొలొన్నరువ, మొనరాగల, ఉత్తర జిల్లాలు, మీ యాత్రల దారిలో ఉన్న ఎండ ప్రాంతాలన్నీ ఒకప్పుడు మలేరియా రాజ్యమేలిన చోట్లే. చెరువులు, కాలువలు, దోమలు అన్నీ అలాగే ఉన్నాయి. లేనిదల్లా మనిషి రక్తంలో ఉండాల్సిన క్రిమి. (ఆ చెరువుల సీమలోనే, అనురాధపురం, అంపారా వైపు కొన్ని పల్లెల్లో అహికుంటికులనే జనం ఉన్నారు. పూర్వం పాములాడిస్తూ ఊరూరా తిరిగినవాళ్లు. వాళ్ల ఇంటి భాష తెలుగు. మన యాత్రికుల్లో చాలామందికి ఈ సంగతే తెలియదు. ఎక్కడైనా కలిస్తే తెలుగులో పలకరించండి.)

2018 డిసెంబరులో ఏం జరిగిందో చూడండి. మన దేశం నుంచి పనికి వెళ్లిన ఒక మనిషికి మొనరాగల జిల్లాలో వైవాక్స్ అనే రకం మలేరియా బయటపడింది. తర్వాత కొద్ది రోజులకే అక్కడి మనిషికి ఒకరికి అదే జ్వరం వచ్చింది. మనవాడిని కుట్టిన దోమ ఆయన్ని కుట్టింది. ఆరేళ్లలో ఆ దేశపు నేల మీద అంటుకున్న మొదటి మలేరియా కేసు అది. సిబ్బంది వెంటనే దిగారు. చుట్టుపక్కల అందరి రక్తం చూశారు, దోమల మందు కొట్టారు, మూడో మనిషికి పాకనివ్వలేదు. పాకి ఉంటే ఏమయ్యేదో 1963 తర్వాతి లెక్కలే చెబుతున్నాయి.

ఆ కార్మికుడిని నేను ఒక్క మాట అనను. ఆయన జబ్బు దాచిపెట్టి వెళ్లి ఉంటాడని ఎవరూ అనుకోకూడదు. వైవాక్స్ తీరే వేరు. దోమ కుట్టాక క్రిముల్లో కొన్ని కాలేయంలోకి చేరి పడుకుంటాయి. జ్వరం తగ్గి, రక్తం శుభ్రపడి, మనిషి పనికి వెళ్లి, అన్నం తిని, పెళ్లిళ్లకు తిరుగుతున్నా లోపల నివురుగప్పిన నిప్పులా ఉంటుంది. నెలల తర్వాత, ఒక్కోసారి ఏడాది తర్వాత లేస్తుంది. విమానమెక్కే రోజు రక్తం తీసి చూసినా ఏమీ కనిపించదు. అది కాలేయంలో ఉంటే మైక్రోస్కోపుకు ఎలా దొరుకుతుంది?

దాన్ని కాలేయంలోనే చంపే మాత్ర ఉంది. ప్రైమాక్విన్. మన దగ్గర వైవాక్స్‌కు మూడు రోజులు క్లోరోక్విన్, 14 రోజులు ప్రైమాక్విన్ ఇస్తారు. చిక్కంతా ఆ పద్నాలుగు రోజుల్లోనే ఉంది. మా ల్యాబ్‌కు ఒక సెంట్రింగ్ కుర్రాడు వచ్చేవాడు. ఒకే వానాకాలంలో మళ్లీ మళ్లీ వైవాక్స్. చొక్కా జేబులోంచి స్ట్రిప్పు తీసి చూపించాడు. మూడు గుంతలు ఖాళీ, మిగతా మాత్రలన్నీ రేకు కింద భద్రంగా ఉన్నాయి. చెమటకు రేకు మీద అక్షరాలు చెరిగిపోయాయి. "జ్వరం తగ్గిపోయింది కదా సార్. ఇది వేసుకుంటే కడుపులో తిప్పుతోంది. పరంజా ఎక్కితే కళ్లు తిరుగుతున్నాయి. మేస్త్రీ రావొద్దంటున్నాడు" అన్నాడు. ఖాళీ కడుపున వేసుకోకు, అన్నం తిన్నాక వేసుకో అని చెప్పాను. మేస్త్రీకి ఫోన్ చేయించాను. ఈసారి ఆఖరి మాత్ర దాకా వేసుకున్నాడు. ఆ వానాకాలమంతా మళ్లీ మా గుమ్మం ఎక్కలేదు. ఆ కుర్రాడు సగం స్ట్రిప్పు జేబులో ఉన్నప్పుడే మొనరాగల సైటుకు వెళ్లి ఉంటే? అలాంటి స్ట్రిప్పులు మన సైట్లలో ఎన్ని జేబుల్లో ఉన్నాయి?

ఒక హెచ్చరిక కూడా. ప్రైమాక్విన్ మీరు మందుల షాపులో కొని పంచేది కాదు. జీ6పీడీ అనే ఎంజైము తక్కువ ఉన్నవాళ్లకు దాంతో రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది, గర్భిణులకు ఇవ్వనే కూడదు. డాక్టరు చూసి రాయాలి. మీ పని, రాసింది పూర్తిగా వేసుకునేలా చూడటం.

ఇప్పుడు యాత్రికుల సంగతి. గుడికి వెళ్లొచ్చేవాళ్లకు మలేరియా ఏమిటని మీరు అనుకోవచ్చు. మన రాష్ట్రాల్లో చాలా ఊళ్లలో మలేరియా బాగా తగ్గింది, నిజమే. కానీ అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ, భద్రాచలం, ములుగు అడవుల వైపు ఇంకా ఉంది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ పనులకు వెళ్లొచ్చేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. మీ బృందంలో నలభై మంది ఉంటే, వాళ్లలో ఎవరు అరకు వెళ్లొచ్చారో, ఎవరు బస్తర్‌లో ఉద్యోగం చేస్తున్నారో మీకు ఎలా తెలుస్తుంది?

పైగా, అక్కడ జ్వరమొస్తే ముందుగా అనుమానించేది డెంగీని. శ్రీలంకలో డెంగీ చాలా ఎక్కువ. మలేరియా రోగిని ఎప్పుడూ చూడకుండానే డిగ్రీ పూర్తిచేసిన కుర్ర డాక్టర్లు ఇప్పుడు ఆ దేశంలో ఉన్నారు. అది వాళ్లు గర్వపడాల్సిన సంగతే! కానీ ఆ డాక్టరు ముందు కూర్చున్న మన భక్తుడు "ఒళ్లు నొప్పులు, చలి" అని మాత్రమే చెప్పి, ఇండియా నుంచి వచ్చానని గానీ, కిందటి నెల ఫలానా చోటుకు వెళ్లానని గానీ చెప్పకపోతే మలేరియా ఊహే రాదు. ఫాల్సిపారం రకమైతే ఆ రెండు రోజుల ఆలస్యం ప్రాణానికే ముప్పు. వైవాక్స్ అయితే ఆ రెండు రోజుల్లో హోటల్ బాల్కనీలో ఎన్ని దోమలు కుట్టి ఉంటాయో! అందుకే చెబుతున్నాను, అక్కడ జ్వరం వచ్చిన మన మనిషి నోటి నుంచి మొదట రావాల్సిన మాట "నేను ఇండియా నుంచి వచ్చాను, మలేరియాకు రక్తం చూడండి" అని.

ఖర్చు గురించి కంగారుపడొద్దు. అక్కడ మలేరియా పరీక్ష, వైద్యం ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మలేరియా మందులు ప్రైవేటు షాపుల్లో అమ్మరు, ప్రభుత్వమే ఇస్తుంది. ప్రతి కేసు లెక్కలో పడాలనే ఆ ఏర్పాటు. వాళ్ల మలేరియా నివారణ విభాగానికి రాత్రీ పగలూ పలికే ఫోన్ ఉంది, ఏ ఆసుపత్రి నుంచి కబురొచ్చినా మనుషులు కదులుతారు. ఇప్పటికీ ఏటా పదుల సంఖ్యలో బయటి దేశాల నుంచి వచ్చిన కేసులు పట్టుకుంటున్నారు. ఆఫ్రికాలో రత్నాల వ్యాపారానికి వెళ్లొచ్చినవాళ్లు, శాంతిసేనల్లో పనిచేసి తిరిగొచ్చిన సైనికులు, ఇండియా యాత్రలకు వచ్చి వెళ్లిన బౌద్ధులు, మనవాళ్లు. పట్టుకున్న ప్రతి కేసు వెనుకా ఎవరో ఒకరు నోరు తెరిచి ఎక్కడెక్కడ తిరిగారో చెప్పారు, ఎవరో ఒకరు అడిగారు.

దీనికి తోడు ఇంకో సమస్య వచ్చిపడింది. 2016 చివర్లో మన్నార్‌లో అనాఫిలిస్ స్టెఫెన్సై దోమ కనబడింది. రామేశ్వరానికి ఎదురుగా, సముద్రానికి అవతలి ఒడ్డున ఉండే ఊరు మన్నార్. అంతకు ముందు లంకలో ఆ దోమ లేదు. మన పట్టణాల్లో మలేరియా పంచేది ఇదే. చెరువులూ కాలువలూ దానికి అక్కర్లేదు. మిద్దె మీద మూత లేని ట్యాంకు, సిమెంటు తొట్టి, ఇంటి బావి చాలు. అంటే జాఫ్నా, కొలంబో వంటి నగరాల్లో కూడా మలేరియా పాకే వీలు ఏర్పడిందన్నమాట. అక్కడి కీటక శాస్త్ర సిబ్బంది బావి బావికీ తిరిగి లార్వాల్ని వెతుకుతున్నారు. కాంట్రాక్టర్లు తమ లేబర్ క్యాంపుల్లో నీళ్ల డ్రమ్ములకు మూతలు పెట్టించినా వాళ్లకు ఎంతో సాయం.

బోదకాలు గురించి కూడా చెప్పకుండా ఉండలేను. అందులో మన తెలుగువాడి చెయ్యి ఉంది. 1947లో అమెరికాలో లెడర్లీ కంపెనీలో యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలోని బృందం బోదకాలుకు వాడే డీఈసీ అనే మందును వెలుగులోకి తెచ్చింది. భీమవరంలో పుట్టిన మనిషి ఆయన. బోదకాలు ఎక్కువగా ఉండే గోదావరి జిల్లాల బిడ్డ. అదే 1947లో శ్రీలంక ఫైలేరియా నివారణకు ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టుకుంది. ఆ తర్వాత 2002 నుంచి 2006 దాకా పడమటి, దక్షిణ, వాయవ్య రాష్ట్రాల్లోని ఎనిమిది జిల్లాల్లో ఏటా ఒకసారి జనమందరికీ డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు మింగించారు. కొలంబో నుంచి గాల్, మాతర దాకా మీ బస్సులు వెళ్లే తీరమంతా ఆ జిల్లాలే. 2016లోనే, మలేరియాతోపాటు, బోదకాలు ఇక ప్రజారోగ్య సమస్య కాదన్న గుర్తింపు కూడా వాళ్లకు దక్కింది. సుబ్బారావుగారి మందుతో లంక ఆ పని ముగించింది. మనం 2027 నాటికి ముగించాలని పెట్టుకున్నాం. మన ఊళ్లలో ఆశా కార్యకర్త మాత్రలిస్తే "తర్వాత వేసుకుంటాంలే అమ్మా" అని గూట్లో పెట్టేవాళ్లు నేటికీ ఉన్నారు. ఈ జబ్బులో కాలు వాచినవాళ్ల కంటే పైకి ఏమీ కనబడకుండా రక్తంలో క్రిములు మోసేవాళ్లే ఎక్కువ. ఆ క్రిములు చాలావరకు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి, కాబట్టి రాత్రి ఎనిమిదిన్నర దాటాకే రక్తం తీస్తారు. అక్కడికి ఎక్కువ కాలం పనికి వెళ్లేవాళ్లకు వెళ్లేముందు రాత్రి రక్తపరీక్ష ఒకటి చేయించండి. బోదకాలును పంచే, మురుగునీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ కొలంబోలో ఇంకా ఉంది.

ఆ దేశంలో అన్ని క్రిములూ పోయాయని నేను అనడం లేదు. ఇసుక ఈగ కుడితే వచ్చే లీష్మేనియా పుండ్లు అనురాధపురం, హంబన్‌తోట వైపు పెరుగుతున్నాయి. ఏటా వేలల్లో కేసులు. ఆ పనిలో వాళ్ల సిబ్బంది తలమునకలై ఉన్నారు. 2022లో పెట్రోలుకు, మందులకు జనం క్యూలు కట్టిన దేశం అది. అక్కడి ఇన్‌స్పెక్టరు మన క్యాంపు చుట్టూ తిరగాల్సిన అవసరం మనవల్ల రాకూడదు.

ఇక నేను అడిగేవి. ట్రావెల్స్ వారు మీ సూచనల కాగితంలో, పాస్‌పోర్టు వరుస కిందే, ఈ నాలుగు వాక్యాలు వేయించండి: "శ్రీలంకలో మలేరియా లేదు, మన దేశంలో ఉంది. గత ఏడాదిలో మీకు మలేరియా వచ్చి ఉంటే ప్రయాణానికి ముందే డాక్టరును కలవండి. యాత్రలో గానీ, తిరిగొచ్చాక గానీ జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని ఊరుకోవద్దు, అదే రోజు మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి. మీరు ఇండియా నుంచి వచ్చారనీ, ఈమధ్య ఎక్కడెక్కడ తిరిగారనీ డాక్టరుకు చెప్పండి." బస్సులో మైకు పట్టుకున్న గైడు మొదటి రోజు ఒకసారి చదివితే చాలు. జ్వరం మాట చెబితే జనం బెదిరి బుకింగులు మానేస్తారని మీలో ఒకరు నాతో అన్నారు. గుండె జబ్బు ఉన్నవాళ్లు మెట్లు ఎక్కొద్దని రాస్తే ఎవరూ మానుకోలేదు కదండీ. జ్వరమొచ్చిన పెద్దాయన్ని మిగతా బృందం చీదరించుకోకుండా చూడటం కూడా మీ గైడు పనే. జ్వరం దాచుకోవడానికి మొదటి కారణం అదే. "నా వల్ల అందరి యాత్రా పాడవుతుంది" అని మూలుగుతూ బస్సెక్కుతారు.

కాంట్రాక్టర్లకు కాస్త ఎక్కువ పని ఉంది. మనిషిని ఎంచుకునేటప్పుడు ఆధార్ కార్డుతోపాటు, ఏడాదిలో మలేరియా వచ్చిందా, వస్తే ఎన్ని రోజులు మందు వాడావని అడగండి. జవాబు విని ఆ మనిషిని పక్కన పెట్టేయకండి. అలా చేస్తే రెండోవాడు అబద్ధం చెబుతాడు. డాక్టరుకు చూపించి, అవసరమైతే మందు పూర్తి చేయించి పంపండి. బయల్దేరే ముందు ఒకసారి, అక్కడ దిగాక ఒకసారి రక్తం చూపించండి. రెండింట్లోనూ నెగెటివ్ వచ్చినా, ఆ తర్వాత ఏడాది పాటు ఎప్పుడు జ్వరమొచ్చినా మళ్లీ చూపించాలి. కాలేయంలో పడుకున్నదాని సంగతి పైనే చెప్పాను. సైటు ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా మలేరియా అధికారికి మీ క్యాంపు ఎక్కడుందో, ఎంతమంది ఉన్నారో ముందే తెలియజేయండి. వాళ్లే వచ్చి పరీక్షలు చేస్తారు. అది తనిఖీ అనుకుని గేటు దగ్గర ఆపేయొద్దని మీ సూపర్‌వైజర్లకు చెప్పండి. అక్కడ ఎవరికైనా మలేరియా తేలి పద్నాలుగు రోజుల మందు రాస్తే, మాత్రలు ఆ మనిషి జేబులో వదిలేయకుండా మేస్త్రీ దగ్గర ఉంచి, రోజూ అన్నం తిన్నాక కళ్లెదుట మింగించండి.

అన్నిటికంటే ముఖ్యంగా, జ్వరమని చెప్పి ఆసుపత్రికి వెళ్లిన రోజుకు కూలి కోయకండి. సైట్లలో జ్వరం దాచేది భయం వల్ల కాదు, ఆ రోజు డబ్బు పోతుందని. ఇంటికి పంపాల్సిన లెక్కలో ఒక రోజు తగ్గితే ఏమవుతుందో ఆ మనిషికి తెలుసు కాబట్టి రెండు మాత్రలు మింగి పరంజా ఎక్కుతాడు. ఆ ఒక్క రోజు కూలి మీరు ఇస్తామంటే పొద్దున్నే వచ్చి చెబుతాడు. వచ్చే బ్యాచ్ బయల్దేరేలోపు ఈ మాట మీ ఒప్పంద కాగితాల్లో, తెలుగులో, సంతకం పెట్టే చోటుకు పైనే రాయించండి.

ఇట్లు,
మలేరియా విభాగంలో పనిచేసి రిటైరైన ల్యాబ్ టెక్నీషియన్